నెల వెచ్చాలు, నిండైన కంచం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లకు ఒక పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో నెల మొదట్లో రాసే వెచ్చాల చీటీ దాదాపు ఒకేలా ఉంటుంది. బియ్యం, కందిపప్పు, మినపప్పు, నూనె, చింతపండు, పంచదార, టీపొడి, ఆ కింద సబ్బులు, అగరబత్తీలు. ధరలు పెరిగిన నెలలో ఈ చీటీలో మొదట కోత పడేది పప్పు మీద, ఆ తరువాత గుడ్లు, పాలు, పళ్ల మీద. బియ్యం బస్తా మాత్రం తగ్గదు, నూనె తగ్గదు, పంచదార తగ్గదు. కడుపు నిండుతున్నది కాబట్టి తిండి బాగానే ఉందనుకుంటాం గానీ, పిల్లల ఎదుగుదలకూ ఇంటి ఆడవారి రక్తపుష్టికీ కావలసినవన్నీ మనం ముందుగా కొట్టివేసిన ఆ పంక్తుల్లోనే ఉన్నాయి. కోత పెట్టే ఈ వరుసను తిరగవేయడం ఎలాగో, మన చుట్టూ దొరికే సరుకులతోనే, ఇప్పుడు పెడుతున్న డబ్బుతోనే అది ఎలా సాధ్యమో వివరిస్తాను.

ముందు ఒక నెల పద్దు

డబ్బు ఎటు పోతున్నదో తెలియకుండా ఎక్కడ తగ్గించాలో తెలియదు. వంటగదిలో గోడకు ఒక పుస్తకం వేలాడదీసి, ఒక నెల పాటు తిండికి పెట్టిన ప్రతి రూపాయినీ ఐదు పద్దుల్లో రాయండి. మొదటిది బియ్యం, గోధుమపిండి, చోళ్లు (రాగులు), రవ్వ వంటి ధాన్యాలు. రెండోది పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం, పాలు. మూడోది కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు. నాలుగోది నూనె, నెయ్యి, పంచదార, బెల్లం, మసాలాలు. ఐదోది బిస్కెట్లు, మిక్చర్లు, చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, సాయంత్రం బండి మీద తినే బరా (ఒడియా గారెలు), పకోడీలు. సబ్బులు, సర్ఫు, టూత్‌పేస్టు వంటివి కిరాణా బిల్లులోనే కలిసి వస్తాయి కనుక వాటిని విడదీసి వేరే పేజీలో రాయడం తప్పనిసరి. లేకపోతే తిండి ఖర్చు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి, అనవసరంగా పప్పు మీద కోపం వస్తుంది. కొట్లో ఖాతా ఉన్నవారు డబ్బు చెల్లించిన రోజున కాకుండా సరుకు తెచ్చిన రోజునే రాసుకోవాలి.

నెలాఖరున రెండో పద్దునూ ఐదో పద్దునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదో పద్దు రెండోదాన్ని మించి ఉంటే కోత మొదలుపెట్టవలసిన చోటు మీకు దొరికినట్టే. కొట్టుకు ఎన్నిసార్లు వెళ్లారో కూడా పుస్తకంలోనే తెలుస్తుంది. ఉప్పు ప్యాకెట్టు కోసం వెళ్లిన ప్రతిసారీ చేతిలో ఇంకో రెండు ప్యాకెట్లు వస్తాయి. నెలకు ఒకసారి కిరాణా, వారానికి ఒకసారి సంత అని గట్టిగా నిర్ణయించుకుంటే ఐదో పద్దు దానంతట అదే సన్నబడుతుంది.

ఒక కంచానికి ఎంత

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, రోజుకు 2,000 కిలోకేలరీలు కావలసిన మనిషికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల వేరుశనగ, నువ్వులు వంటి గింజలు, 27 గ్రాముల నూనె సరిపోతాయని చెబుతున్నాయి. ఇవన్నీ వండకముందు తూకాలు. నలుగురున్న ఇంటికి ముప్పై రోజులకు లెక్క కడితే ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలకు కొద్దిగా పైన, కూరగాయలు 48 కిలోలు, పళ్లు 12 కిలోలు, పాలు 36 లీటర్లు, గింజలు 4 కిలోల చిల్లర, నూనె మూడుంపావు కిలోలు అవుతుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే కొంత తగ్గుతుంది, పొలం పనో బరువు పనో చేసేవారుంటే ధాన్యం పెరుగుతుంది.

ఈ అంకెలన్నింటినీ వచ్చే నెల నుంచే అందుకోవాలని నేను చెప్పడం లేదు. పాలూ పళ్లూ ఈ కొలతకు చేరడం చాలా ఇళ్లకు కష్టమే. అయితే మీ చీటీని ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే ఏ దిక్కుకు జరగాలో స్పష్టంగా తెలుస్తుంది. బియ్యమే నెలకు 40 కిలోలు, పప్పు మాత్రం రెండు కిలోలు కొనే ఇల్లు బియ్యం తగ్గించి పప్పు పెంచాలి. అయిదు లీటర్ల నూనె వాడే ఇల్లు మూడున్నర లీటర్లకు దిగాలి. ఆ రెండింటిలో మిగిలే డబ్బే మిగతా పంక్తులకు పెట్టుబడి.

ధాన్యం విషయంలో మొదట చూడవలసింది రేషను డిపోలో ఇచ్చే కంట్రోలు బియ్యం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డున్న ఇంటికి 35 కిలోలు వస్తాయి. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు ఉచితంగానే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. నలుగురి పేర్లు కార్డులో ఉంటే 20 కిలోలు వచ్చినట్టే. వాటిని చౌకగా అమ్మి సన్నబియ్యం కొనుక్కోవడం మన ఇళ్లలో అలవాటుగా మారింది. ఆ తేడా కింద పోయే డబ్బు నెలంతటి గుడ్ల ఖర్చుతో సమానం కావచ్చు, ఒకసారి లెక్క వేసి చూడండి. రాళ్లు, నూకలు ఏరి, రెండు గంటలు నానబెట్టి, గంజి వార్చి వండితే కంట్రోలు బియ్యం అన్నం పొడిగానే వస్తుంది. పెళ్లయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు కార్డులో ఎక్కించుకోనివారు వెంటనే ఎక్కించుకోవాలి. పని కోసం వేరే జిల్లాకో ఆంధ్రకో వెళ్లినవారు అదే కార్డుతో అక్కడి డిపోలో కూడా తీసుకోవచ్చు. కావలసిన 30 కిలోల్లో మిగిలిన 10 కిలోలూ మళ్లీ బియ్యమే కానక్కరలేదు. అయిదు కిలోలు చోళ్లు, మూడు కిలోలు గోధుమపిండి, రెండు కిలోలు రవ్వా అటుకులూ అనుకుంటే టిఫిన్లు కూడా అందులోనే వెళ్లిపోతాయి.

వంద రూపాయలకు ఎంత బలం

మాంసకృత్తుల దగ్గరే మన లెక్కలు ఎక్కువగా తప్పుతాయి. బలమైన తిండి అనగానే కోడికూర గుర్తుకు వస్తుంది, అది ఆదివారానికి పరిమితం, మిగతా ఆరు రోజులు చారూ పచ్చడీ. పెద్దవారిలో మగవారికి రోజుకు సుమారు 54 గ్రాములు, ఆడవారికి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి, ప్రతిరోజూ కావాలి. కనుక ఏ సరుకైనా కిలో ధర చూసి ఖరీదో చౌకో తేల్చకుండా, వంద రూపాయలకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు వస్తాయో చూసి తేల్చాలి.

లెక్క ఇలా వేస్తారు. ఉలవలు కిలో 80 రూపాయలైతే వంద రూపాయలకు కిలోంపావు వస్తాయి. ఉలవల్లో నూటికి 22 పాళ్లు మాంసకృత్తులు కాబట్టి 275 గ్రాములు దక్కుతాయి. కందిపప్పు కిలో 150 అయితే వందకు 667 గ్రాముల పప్పు, అందులో 147 గ్రాముల మాంసకృత్తులు. మీల్‌మేకర్ కిలో 140 అనుకుంటే, అందులో సగానికి పైగా మాంసకృత్తులే కనుక 370 గ్రాముల వరకు వస్తాయి. వేరుశనగ పలుకులు కూడా అదే ధర అయితే 175 గ్రాములకు పైన. గుడ్డు ఏడు రూపాయలైతే వందకు పద్నాలుగు గుడ్లు, ఒక్కోదానిలో 6 గ్రాముల చొప్పున 84 గ్రాములు. కోడిమాంసం కిలో 240 అయితే ఎముకలు పోను 55 గ్రాములకు అటూ ఇటూ. పాలు లీటరు 60 అయితే 53 గ్రాములు. ఈ ధరలు లెక్క చూపించడానికి వేసినవి, మీ ఊరి ధరలు పెట్టి మీరే వేసుకోవాలి. ఏ ఊరి ధర పెట్టినా వరుస పెద్దగా మారదు. అందరికన్నా ముందు మీల్‌మేకర్, ఉలవలు, శనగలు, వేరుశనగలు ఉంటాయి, మధ్యలో కందిపప్పు, ఆ వెనుక గుడ్లు, చివర్లో కోడి, పాలు.

అంతమాత్రాన గుడ్లూ పాలూ మానేయమని అర్థం కాదు. వాటిలోని మాంసకృత్తులు ఒంటికి పట్టే తీరు మేలైనది, పైగా విటమిన్ బి12 పప్పుల్లో దొరకదు. పప్పు బరువంతా మోయాలి, గుడ్డూ పాలూ ఆ లోటు పూడ్చాలి. నలుగురి ఇంటికి నేను సూచించే నెలసరి కూర్పు ఇది: కందిపప్పు రెండున్నర కిలోలు, ఉలవలు కిలోన్నర, పెసలు, మినపప్పు, శనగలు లేదా బొబ్బర్లు తలా ఒక కిలో. మొత్తం ఏడు కిలోలు. మార్గదర్శకాల ప్రకారం ఇంకా మూడు కిలోలకు పైగా పప్పు తక్కువైంది. ఆ లోటును 60 గుడ్లు, అరకిలో మీల్‌మేకర్ దాదాపుగా తీరుస్తాయి. వారానికొకసారి తెచ్చే చేపలు పైన లాభం.

ఉలవల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒడియాలో కొళథ అని అడిగితే ఇక్కడి ప్రతి సంతలోనూ కొండ ఉలవలు దొరుకుతాయి. రాత్రంతా నానబెట్టి, నీరు వంచి, తడిబట్టలో మూటకట్టి ఒక రోజు ఉంచితే చిన్న మొలకలు వస్తాయి. అప్పుడు కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఉడికిన నీటిని వంచి చింతపండు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేసి చారు కాచుకోవచ్చు. గింజలకు పోపు పెడితే సాయంత్రానికి పిల్లలకు గుగ్గిళ్లు సిద్ధం. ఒక్కసారి పొయ్యి వెలిగిస్తే రెండు వంటలు, గ్యాసు కూడా కలిసివస్తుంది. ఐదో పద్దులోని బిస్కెట్ ప్యాకెట్టు స్థానంలో ఈ గుగ్గిళ్లు వచ్చిన ఇంట్లో ఖర్చు తగ్గడమూ బలం పెరగడమూ ఒకే రోజున జరుగుతాయి.

గోపాలపురం తీరం నుంచి వచ్చే ఎండుచేపలు కొండ ఊళ్ల సంతల దాకా చేరతాయి. ఎముకతో సహా తినే నెత్తళ్ల వంటి చిన్న చేపల్లో కాల్షియం కూడా ఉంటుంది. వేడినీటిలో నానబెట్టి రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించి, వంకాయలోనో చిక్కుడులోనో కలిపి వండితే గుప్పెడు చేపలు ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. రక్తపోటు ఉన్నవారికి మాత్రం ఇవి తగవు.

చోళ్లు

కాల్షియం కోసం పాల మీదనే ఆధారపడనక్కరలేని ప్రాంతంలో మనం ఉన్నాం. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే తూకం పాలలో ఉండేది సుమారు 120. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లోనే గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. కొండ రైతు పండించిన మంచి చోళ్లు మనకు గుమ్మం దగ్గరే దొరుకుతున్నాయి.

కోతలు ముగిసి కొత్త పంట సంతకు వచ్చే నవంబరు, డిసెంబరు నెలల్లో గింజలుగానే కొనాలి. చోళ్ల గింజకు పురుగు తొందరగా పట్టదు, ఎండబెట్టి డబ్బాలో పోస్తే ఏడాది దాటి నిలుస్తుంది. పిండి మాత్రం పదిహేను రోజులకు సరిపడా మర పట్టించుకోవాలి. ప్యాకెట్లలో రంగురంగుల బొమ్మలతో వచ్చే రాగి మాల్టు పొడుల్లో పంచదార పాలెంతో వెనుక వైపు చదివితే వాటి జోలికి వెళ్లబుద్ధి కాదు.

అంబలికి రాత్రి నాలుగు గుప్పిళ్ల పిండిని నీళ్లలో జారుగా కలిపి మూత పెట్టి పులియనివ్వాలి. తెల్లవారి గిన్నెలో గుప్పెడు నూకలు ఉడుకుతుండగా ఈ పిండినీళ్లు పోసి, ఉండకట్టకుండా తెడ్డుతో తిప్పుతూ, పచ్చివాసన పోయి పైన మెరుపు వచ్చేదాకా ఉడికించి దించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. వేసవిలో నలుగురికి ఇదే ఉదయపు తిండి. అంబలి తాగని పిల్లలకు మినపపిండిలో మూడోవంతు చోళ్ల పిండి కలిపి దోసెలు పోయండి, వంక పెట్టరు.

సంత

రాయగడ దగ్గర చాటికోనలో బుధవారం, కొరాపుట్ వైపు కుందులిలో శుక్రవారం జరిగే సంతలు పేరున్నవి. అంత పెద్దవి కాకపోయినా ప్రతి ఊరికీ దగ్గరలో ఏదో ఒక వారపు సంత ఉంటుంది. టౌనులోని దుకాణానికి ఈ సంత సరుకే రెండు చేతులు మారి వస్తుంది.

సంతలో తూకం కన్నా కొలతే ఎక్కువ. అడ్డ, మానిక, సోల, లేదా గోనె మీద పోసిన కుప్పలు. ఇవి కిలోకు ఎంతో తెలియకపోతే చౌకగా కొన్నామో ఎక్కువ పెట్టామో తెలియదు. అందుకని మొదటిసారి తెచ్చిన ప్రతి గింజనూ ఇంట్లో తూచి, మానిక ఉలవలు ఎన్ని గ్రాములు, మానిక సామలు ఎన్ని గ్రాములు అని పుస్తకం వెనుక పేజీలో రాసి పెట్టుకోండి. గింజను బట్టి బరువు మారుతుంది కాబట్టి ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు. పది, పదిహేను కిలోమీటర్ల లోపు సంత అయితే పక్కింటివారితో కలిసి వెళ్లడం మంచిది, ఆటో ఖర్చు పంచుకోకపోతే మిగిలినదంతా దారిలోనే పోతుంది. అదే కారణంగా, కిలో మీద ఐదు రూపాయల తేడా కోసం ఆంధ్ర వైపున్న పాతపట్నమో ఇచ్ఛాపురమో ప్రత్యేకంగా వెళ్లి రావడం కన్నా, వేరే పని మీద వెళ్లినప్పుడు పప్పులూ మిరపకాయలూ తెచ్చుకోవడం మేలు.

ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. తెల్లవారకముందే లేచి కొండ దిగి, నెత్తిన గంప పెట్టుకుని వచ్చే కొంధు, సవర గిరిజన ఆడవారి దగ్గర ఆకుకూర కట్టకు రూపాయి, రెండు రూపాయలు విరగ్గొట్టడం ఆదా కాదు. మన ఆదా బియ్యం, నూనె, ప్యాకెట్ల దగ్గర జరగాలి. వాళ్లు అడిగిన ధర ఇచ్చినా టౌను ధర కన్నా తక్కువే అవుతుంది, పైగా తెలిసిన మొహం అయితే మంచి కట్ట మనకోసం తీసి ఉంచుతారు.

ఆకుకూరలు ఉదయమే కొనాలి. గుమ్మడి, కంద, చేమ, అరటికాయ, ఆనపకాయ వంటి ఓర్చుకునే సరుకు సంత ఎత్తివేసే వేళకు ధర దిగుతుంది. శీతాకాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, చిక్కుడు, ముల్లంగి చౌక. ఎండాకాలంలో పచ్చి పనస, మామిడికాయ, ములక్కాడలు, గుమ్మడి. వానాకాలంలో బెండ, బీర, కాకర, అరుదుగా ఆగాకర. జూలై, ఆగస్టుల్లో టమాటా ధర ఆకాశానికి ఎక్కితే టమాటా వెంట పరుగెత్తకుండా చింతపండుకూ, వేసవిలో ఎండబెట్టుకున్న మామిడి ఒరుగులకూ మారాలి.

బంగాళాదుంప విషయంలో మనం మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒడిశాకు కావలసిన దుంపలో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్ నుంచే వస్తుంది. 2024లో ఆ రాష్ట్రం బయటికి వెళ్లే లారీలను ఆపినప్పుడు ఇక్కడి బజార్లలో ధర ఎలా ఎగబాకిందో అందరం చూశాం. అలాంటి వారాల్లో చేమ, కంద, పెండలం, చిలగడదుంప అన్నీ మన సంతల్లోనే ఉంటాయి, ఏవీ సరిహద్దు దాటి రానక్కరలేదు.

పెరటిలో మునగచెట్టు ఉన్న ఇల్లు అదృష్టవంతమైనది. లేనివారు వానాకాలంలో పక్కింటి కొమ్మ తెచ్చి నాటుకుంటే బతుకుతుంది. మునగాకు, తోటకూర, పొన్నగంటి, చింతచిగురు, వీటిలో ఏదో ఒకటి రోజూ పప్పులో పడాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే అదే భోజనంలో నిమ్మరసమో ఉసిరికాయో పచ్చిమామిడో ఉండాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే పట్టవలసినది కూడా పట్టకుండా పోతుంది, గంట ఆగండి.

మన ఒడియా ఇరుగుపొరుగు నుంచి నేర్చుకోదగిన వంట దాల్మా. మన ముక్కల పులుసుకు చుట్టమే గానీ చింతపండు ఉండదు, పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయి. నలుగురికి 200 గ్రాముల కందిపప్పు లేదా వేయించిన పెసరపప్పు, 800 గ్రాముల కూరముక్కలు: పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, అరటికాయ, ములక్కాడ, ఏది చౌకగా ఉంటే అది. పప్పు సగం ఉడికాక పసుపు, ఉప్పు, ముందు గట్టి ముక్కలు, తరువాత మెత్తని ముక్కలు వేసి చిదిమిపోకుండా ఉడికించాలి. రెండు చెంచాల నూనెలో జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన పంచఫుటణ, ఎండుమిరపతో పోపు పెట్టి, దించాక వేయించిన జీలకర్ర పొడి చల్లాలి. వేపుడు, పప్పు, చారు అని మూడు గిన్నెలకు మూడు పోపులు పెట్టే వంటతో పోలిస్తే నూనె సగానికి తగ్గుతుంది. మన ఇళ్లలో నూనె ఎక్కడ పోతున్నదో అప్పుడు అర్థమవుతుంది.

నూనె, మరికొన్ని జాగ్రత్తలు

లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు ప్యాకెట్టులా కనిపిస్తూ 800, 850 గ్రాములే ఉన్న ప్యాకెట్లు ఇప్పుడు వస్తున్నాయి. కాబట్టి పెద్ద అక్షరాల ధర కాకుండా నికర తూకం చదవాలి. ఈ మధ్య ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు, రెండు కంపెనీలను పోల్చడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

ఒడిశాలో ఆవనూనె వాడకం ఎక్కువ, మన ఇళ్లకూ వచ్చింది. విడిగా డబ్బాలోంచి కొలిచి పోసే ఆవనూనె ఎంత చౌకైనా కొనవద్దు. ఆవాల్లా కనిపించే బ్రహ్మదండి గింజలు అందులో కలిస్తే ఒళ్లంతా నీరు పట్టి గుండె దెబ్బతినే జబ్బు వస్తుంది. 1998లో ఢిల్లీలో అలాంటి నూనె తిని అనేకమంది చనిపోయారు. అలాగే బజారు ధరకు బాగా తక్కువగా వచ్చే కందిపప్పులో గొడ్డలి ఆకారంలో, ఒక మూల నొక్కినట్టుగా ఉండే పలుకులు కనిపిస్తే అది కేసరి పప్పు కలిసిన సరుకు, దూరంగా ఉంచండి. బూజు పట్టిన వేరుశనగలను ఏరి మిగిలినవి వాడుకోవడం కూడా పనికిరాదు.

పసుపు, మిరప పొడులుగా కొనకుండా కొమ్ములు, కాయలుగా కొని మర పట్టించుకుంటే కల్తీ భయం ఉండదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు మనకు పక్క జిల్లాదే. చింతపండు వేసవిలో కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో దట్టిస్తే ఏడాదికి సరిపోతుంది. పసుపు, మిరప, చింతపండు, చోళ్లు, ఇవన్నీ ఏడాది సరుకులు. వీటికి ఒకే నెలలో డబ్బు పెట్టలేక చిల్లరగా కొంటూ ఎక్కువ చెల్లిస్తుంటాం. ప్రతి నెలా కొంత మొత్తం వేరే డబ్బాలో వేసి ఉంచితే ఆ సమస్య తీరుతుంది.

పప్పులు మాత్రం వానాకాలంలో నెలకు మించి నిల్వ పెట్టకూడదు. ఎర్రటి ఎండలో ఒక పూట ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక, ఎండిన వేపాకు వేసి గాలి చొరని డబ్బాలో పోయాలి. రవ్వను దోరగా వేయించి పెట్టుకోవాలి.

మన ప్రాంతంలో అక్టోబరును ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. దారులు తెగి, కరెంటు పోయి, ఉన్న కాస్త సరుకుకూ ధరలు రెట్టింపైన రోజులవి. సెప్టెంబరు ముగిసేలోగా అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన శనగలు, పప్పు, ఉల్లిపాయలు పది రోజులకు సరిపడా ఇంట్లో ఉండాలి. తుపాను రాకపోతే నవంబరు చీటీ ఆ మేరకు చిన్నదవుతుంది, నష్టమేమీ లేదు.

ఆ వెంటనే కార్తీకం. ఇక్కడ నెలంతా నీచు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి, మార్గశిరంలో లక్ష్మివారాలు (గురువారాలు) కూడా అంతే. ఆ రోజుల్లో గుడ్లు, చేపలకు పెట్టే డబ్బును మిగులుగా భావించకుండా పెరుగు, నువ్వులు, బొబ్బర్లు, మీల్‌మేకర్ కొనడానికి వాడాలి, లేకపోతే నెల రోజుల పాటు పిల్లల కంచంలో మాంసకృత్తులు సగమవుతాయి. కార్తీక పూర్ణిమ మర్నాడు, నియమం విడిచి మళ్లీ నీచు తినే ఛాడఖాయి రోజున, మాంసం దుకాణాల ముందు బారులు తీరతారు, ధర కూడా ఆ గిరాకీకి తగ్గట్టే ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగి తెచ్చుకోండి.

వడ్డన, చివరి వారం

ఎంత జాగ్రత్తగా కొన్నా వడ్డించేటప్పుడు లెక్క చెడుతుంది. అందరూ తిన్నాక ఆఖరున కూర్చునే ఇల్లాలికి అన్నమూ పులుసూ మిగులుతాయి, గుడ్డూ పప్పూ మిగలవు. గుడ్లు మనుషుల లెక్కన ఉడకబెట్టి, వండిన ఆమె వంతు ముందుగానే గిన్నెలో తీసి మూతపెట్టే అలవాటు ఇంట్లో పెద్దవారే మొదలుపెట్టాలి. అత్తగారు ఒక్కసారి చెబితే కోడలు మొహమాటపడకుండా తింటుంది.

జీతం ఆలస్యమైనా, ఇంట్లో జబ్బు చేసినా నెల చివరి వారంలో డబ్బు కొరత రావచ్చు. అప్పుడు కోత ఈ వరుసలో పెట్టండి. మొదట ఐదో పద్దు పూర్తిగా ఆపివేయండి. తరువాత వేపుళ్లు, పూరీలు మాని నూనె తగ్గించండి. ఆ తరువాత టీలో పంచదార. ఆ తరువాత మాంసం, ఖరీదైన చేపలు. పిల్లల పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూర ఈ వరుసలో లేవు, వాటిని తాకకూడదు. చేతిలో మూడు, నాలుగు వందలే మిగిలిన వారంలో కూడా, కంట్రోలు బియ్యం, చోళ్లు డబ్బాలో ఉన్నాయనుకుంటే, ఒక కిలో ఉలవలు, అరకిలో కందిపప్పు, డజను గుడ్లు, ఒక గుమ్మడికాయ ముక్క, కిలో ఉల్లిపాయలు, రెండు నిమ్మకాయలు కొంటే సరిపోతుంది. మునగాకు చెట్టు మీద ఉంది. ఉదయం అంబలి, మధ్యాహ్నం మునగాకు పప్పు లేదా ఉలవచారు, సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి గుమ్మడికాయ దాల్మా, మూడు రోజులు తలా ఒక గుడ్డు. మిగిలిన చిల్లర పిల్లల పాలకు ఉంచుకోండి.